నవసాగరం

పెద్ద ఇత్తడి గుండిలో నిలబడి హైదర్ కుడికి సగం, ఎడమకు సగం తిరుగుతున్నాడు. రెండు చేతులూ గోడకు దిగేసిన అడ్డకర్రను పట్టుకున్నాయి. పాదాల కింద తడి ఇసుక, పెంకు పొడి, నానిన చింతపండు తొక్కు కలిసి గరగరమంటున్నాయి. మడమ ఆనించి, వేళ్ళు నొక్కి, నడుము నుంచి తిప్పితే గాని ఇత్తడి అడుగున పట్టిన నలుపు వదలదు. చేత్తో తోమితే రోజంతా పట్టే పనిని కాళ్ళు గంటలో చేస్తాయి.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నటి పిక్కలు, వాటికింద మాత్రం కొలతకు మించిన పెద్ద పాదాలు. బొటనవేళ్ళ గోళ్ళు సగం దాకా అరిగిపోయాయి. నిప్పు సెగకు కుడి కనుబొమ్మ కాలి మళ్ళీ మొలవలేదు. కాలిన వేళ్ళ కొసల్లో గీతలు మిగల్లేదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర వేయమంటే మూడుసార్లు వేయించుకుని, చివరకు నల్లటి మచ్చతోనే సరిపెట్టుకునేవారు.

పొయ్యి పక్కన అజీజాబీ తిత్తి ఊదుతోంది. బొగ్గులు ఎర్రబడుతున్నాయి. గడపలో కూతురు అమీనా, భుజం మీద ఐదు నెలల పాపను వేసుకుని, అటూ ఇటూ ఊగుతోంది. పురుటికి వచ్చిన పిల్ల ఇంకా జగిత్యాల అత్తగారింటికి పోలేదు. పోదామనుకున్న వారమే పసిదానికి జ్వరం తగిలింది.

"అబ్బా, దీని ఒళ్ళు మళ్ళ కాలుతుంది," అంది తండ్రితో.

"పదకొండుకు పోదాం బిడ్డ. డాక్టర్ గంతకు ముందు రాడు."

"నిన్నటి సంది పాలు పడతలే. రొమ్ము నోట్ల పెట్టంగనే ఏడుస్తుంది. నాకు భయమైతుంది అబ్బా."

"నీ అబ్బా గుండిలకెల్లి దిగితె కదా పోవుడు," అంది అజీజాబీ తిత్తి ఆపకుండానే. "మా పెండ్లి బరాత్ల గూడ గింతసేపు ఆడలే ఈయన."

"ఆడితే నువ్వు నవ్వుతవని ఆడలే."

"గిప్పుడు నవ్వుతలేనా?"

ఇంట్లో వాళ్ళది ఉర్దూ, గడప దాటితే తెలుగు, ఎకసెక్కం వచ్చినా కోపం వచ్చినా రెండూ కలిసిపోతాయి. కోరుట్లలో హైదర్‌ది మూడో తరం కళాయి పని. తాత, తండ్రి కావడి భుజాన వేసుకుని మల్యాల నుంచి కోనరావుపేట దాకా ఊరూరూ తిరిగి గిన్నెలకు కళాయి పోశారు. హైదర్ కూడా తిరిగాడు. స్టీలు గిన్నెలు వచ్చి సగం పని తిన్నాయి. మిగతా సగాన్ని దారులు తిన్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచేవాణ్ణి చీకటి పడ్డాక అన్నలు ఆపి క్యాంపులో ఏం చూశావని అడిగేవారు. తెల్లారాక పోలీసులు ఆపి ఎవరింట్లో అన్నం తిన్నావని అడిగేవారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పి చెప్పి అలిసిపోయి, కావడిని అటక మీద పడేసి, ఇంటి ముందే కొలిమి పెట్టుకున్నాడు.

జీపు చప్పుడయింది.

"హైదర్ భాయ్, నీ డాన్సు ఆపి కిందికి దిగు," అంటూ ఎల్లేశం స్టీరింగు వెనక నుంచి పొట్టను ఈడ్చుకుంటూ దిగాడు. కోనరావుపేట మనిషి, పోలీసు డ్రైవరు. ఊరి బయట మూతబడ్డ రైసుమిల్లులో కేంద్రం బలగం దిగి ఏడాదయింది. ఎక్కడెక్కడి రాష్ట్రాల వాళ్ళో. ఊరు మాత్రం వాళ్ళందరినీ మిలిట్రీ అనే అనేది. వాళ్ళకు దారి చూపడానికి, జీపులు నడపడానికి, వైర్‌లెస్ చూడడానికి ఇక్కడి పోలీసులు ముగ్గురు నలుగురుండేవారు. ఎల్లేశం వాళ్ళలో ఒకడు. వైర్‌లెస్ హెడ్డు రాజం మరొకడు.

"రెండు నెలలు సిరిసిల్లల తిరిగి నిన్న మాపటికి అచ్చింది ఈ బండి. సెట్టు వినొస్తది కని మన మాట పోదు. నిలవడితే ఒకసారి పోతది. గుంతల పడ్డదంటే గంతే, మూగ."

"రాజం సాబ్ చూడలేదా?"

"నన్ను దీన్ని ముట్టొద్దన్నడు. రుద్రంగి దిక్కుకెల్లి అచ్చినంక నేనే చూస్త, ఉస్తాద్ కాడికి తోలుకపోకు అన్నడు. కని పెద్ద సాబ్ పన్నెండింటికి జగిత్యాల పోవాలంటుండు. సెట్టు లేకుంట కదలడాయె. నేనేం జెయ్యాలె?"

ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోవద్దు అన్నాడన్న మాట హైదర్‌కు ముల్లులా తగిలింది. తన చేతి మీద నమ్మకం పోయిందా? కాళ్ళు కడుక్కుని, లుంగీ మడిచి కట్టి, జీపు వెనక్కి నడిచాడు.

జీపు వెనక ఎడమ మూలన మనిషి ఎత్తు మీద రెండు చేతులంత పొడవు ఉక్కు గడ. దాని మొదట్లో గట్టి స్ప్రింగు. స్ప్రింగు కింద పిడికిలంత ఇత్తడి దిమ్మ. ఆ దిమ్మలోకి సెట్టు నుంచి వచ్చే కేబుల్ చేరుతుంది. నడుమ ఒక రాగి తీగ, దాని చుట్టూ సన్నటి రాగి పోగులు అల్లిన జడ. తీగ అతుకు ఒకచోట, జడ అతుకు ఒకచోట. ఆ రెండు అతుకులూ గట్టిగా ఉంటేనే జీపులోని మాట గాల్లోకి పోతుంది.

ఎండాకాలంలో రాజం మొదటిసారి ఆ దిమ్మను చేతిలో పట్టుకుని వచ్చాడు. "ఉస్తాద్, మా కరెంటు కడ్డీతోని దీనికి టంకం పడతలేదు. ఇత్తడి వేడంత మింగుతుంది. రుద్రంగి తొవ్వల గుంతలకు రెండు రోజులల్ల ఊడుతుంది. నీతోని అయితదా?" అని అడిగాడు. అమీనాకు బిడ్డ పుట్టిన వారమది. ఇంట్లో సంబరంగా ఉంది. హైదర్ బొగ్గుల్లో సుత్తెంత రాగి కడ్డీని ఎర్రగా కాల్చి, దిమ్మను కూడా వేడెక్కించి, తాత వాడిన తీరుగానే తగరం పట్టడానికి చిటికెడు నవసాగరం ఉప్పు చల్లాడు. తెల్లటి పొగ లేచింది. తగరం నీళ్ళలా పరుచుకుంది. రెండు జీపుల దిమ్మలకూ ఆరోజే టంకం పెట్టాడు. రాజం వేలితో లాగి చూసి, రెండు చేతులతో లాగి చూసి, "ఏనుగు కట్టేసినా ఊడది," అన్నాడు.

ఆరోజే రాజం జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీసి ఇచ్చాడు. లోపల తేనె రంగు మైనం. "మా దాంట్ల టంకానికి గిది వాడుతరు ఉస్తాద్." హైదర్ వాసన చూసి నవ్వాడు. "ఇది పెదవులకు రాసుకునే మలాం లెక్కున్నది సాబ్. నవసాగరం ముందర ఇదెంత?" రాజం కూడా నవ్వి, డబ్బీని అక్కడే పెట్టి పోయాడు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా టీ తాగేవరకు కూర్చుని, జీపు సెట్టు గురించి ఏదో ఒకటి నేర్పేవాడు. నెల కింద వచ్చినప్పుడు మాత్రం ఉన్నట్టుండి అడిగాడు, "మలాం అయిపోయిందా ఉస్తాద్? ఇగమీద గదే వాడాలె, నా మాట విను." అయిపోవచ్చిందని హైదర్ అబద్ధమాడాడు. డబ్బీ మూత మీద గోటి గాటు కూడా పడలేదు.

ఇప్పుడు రాజం నేర్పిన వరుసలోనే వెతకడం మొదలుపెట్టాడు. తప్పును సెట్టులో వెతక్కు, సెట్టు దాకా పోయే తొవ్వలో వెతుకు అనేవాడు రాజం. బ్యాటరీ బిగింపులు కదిపి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. మైకు తీగను మెలిపెట్టి చూశాడు. కేబుల్‌ను సీటు కింద నుంచి వెనక దాకా వేళ్ళతో జానెడు జానెడు తడిమాడు. ఎక్కడా నలగలేదు. అప్పుడు టైరు మీదికి ఎక్కి, కరెంటు పనివాళ్ళ టెస్టరు ఒకటి గడ కొసకు ఆనించాడు.

"ఎల్లేశం, మీట నొక్కు."

మాట పోతూ ఉంటే టెస్టరులోని చిన్న బుడ్డి ఎర్రగా వెలగాలి. వెలగలేదు. గడను పట్టుకుని ఊపాడు. ఒక్కసారి ఎర్రగా మిణుకుమని ఆరిపోయింది.

"దిమ్మలనే ఉన్నది," అన్నాడు హైదర్.

"అయితే నువ్వు చూడు, నేను చాయ్ తాగొస్త. పొద్దుగాలటి సంది నోట్ల నీళ్ళు గూడ పొయ్యలే," అని ఎల్లేశం మూలమీది హోటలుకు నడిచాడు.

హైదర్ రబ్బరు తొడుగును కత్తితో చీరి వెనక్కి వలిచాడు. తడి తగలకుండా ఎండాకాలంలో తాను పోసిన మైనాన్ని గీకాడు. మైనం పెళ్ళలుగా ఊడింది. పెళ్ళ లోపలి వైపు పచ్చగా ఉంది.

కాసేపు అతనికి తాను చూస్తున్నదేమిటో అర్థం కాలేదు. నీళ్ళతొట్టి అంచున పట్టే పాకుడు దిమ్మలోకి ఎలా వచ్చిందనుకున్నాడు. వేలితో తుడిచాడు. వేలు పచ్చబడింది. రాగి జడను పట్టుకుని మెల్లగా లాగాడు. బాలింత తల దువ్వితే దువ్వెనకు వచ్చే వెంట్రుకల్లా పోగులు పోగులుగా చేతిలోకి వచ్చేసింది. నడుమ తీగ మిగిలింది. దాన్ని తాకితే అదీ విరిగింది.

చిలుము.

ముప్పై ఏళ్ళుగా గిన్నెల్లోంచి తాను తోమిపారేస్తున్నది. పిల్లలు తినే కూరలో చేరితే విషమని ఊరూరా ఆడవాళ్ళకు చెప్పి భయపెట్టినది. తన టంకం కింద, తన మైనం చాటున, తన చేత్తో బిగించిన తొడుగు లోపల, వానాకాలమంతా కూర్చుని రాగిని తిన్నది.

ఎందుకో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. కళాయి పోసిన గిన్నెను వేడివేడిగానే నీళ్ళల్లో ముంచుతారు. సుయ్యిమంటుంది. నవసాగరం కడుక్కుపోతుంది. ముంచకుండా వదిలిన గిన్నె నాలుగు రోజుల్లో పచ్చబడుతుందని పదేళ్ళప్పుడే తండ్రి చెంప మీద కొట్టి నేర్పాడు. మరి దీన్ని ఎవరు కడిగారు? కేబుల్ తడుస్తుందని నీళ్ళు తగలనివ్వలేదు. నవసాగరాన్ని లోపలే ఉంచి, పైన మైనం పోసి, రబ్బరు తొడిగి, తడి తగలకుండా చేశానని మురిశాడు.

రెండు జీపులు. ఒకేరోజు. ఒకే డబ్బాలోంచి తీసిన రెండు చిటికెలు.

రెండో జీపులో రాజం రుద్రంగి దారిలో ఉన్నాడు.

హైదర్ టైరు మీద నుంచి దిగబోయి కాలు జారి నేలమీద కూర్చుండిపోయాడు. పొయ్యి దగ్గరి నుంచి అజీజాబీ చూసింది.

"ఏమైంది జీ?"

లేచి లోపలికి పోయి, గూట్లోంచి రేకు డబ్బీ తెచ్చాడు. మూత గట్టిగా పట్టుకుని ఉంది. కేబుల్‌ను రెండు జానలు వెనక్కి కోశాడు. అక్కడ రాగి ఇంకా ఎర్రగా ఉంది. దిమ్మను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, డబ్బీలోని మలాం రాసి, కడ్డీ పెట్టాడు. పొగ లేవలేదు, ఘాటు లేదు. తగరం మాత్రం పరుచుకుంది. అంత సులువుగా పరుచుకోవడం చూసి అతనికి ఏడుపు వచ్చినంత పనయింది.

ఎల్లేశం పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. "ఏంది సంగతి?"

"లోపటికి తడి పోయింది."

"గంతేనా! రాజం సార్ చూస్తనంటే ఏందో అనుకున్న."

ఎల్లేశం మీట నొక్కగానే టెస్టరు బుడ్డి నిండుగా వెలిగింది. క్యాంపును పిలిస్తే క్యాంపు పలికింది.

"రాజం సాబ్‌ను ఒకసారి పిలువు," అన్నాడు హైదర్.

ఎల్లేశం పిలిచాడు. చెవులు రిక్కించి విన్నారు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాడు.

"గుట్టల ఎన్కకు పొయ్యిండు. అక్కడికెల్లి ఎవ్వలు కలవరు. పదకొండింటికల్ల అస్తడులే, ఏమన్న చెప్పాల్నా?"

చెప్పాల్సింది నాలుక మీదే ఉంది. ఆ జీపును వెనక్కి పిలువు, దానికీ నా టంకమే పెట్టాను, అది కూడా మూగపోయి ఉంటుంది. మూడు ముక్కలు. ఎల్లేశం ముఖంలోకి చూశాడు హైదర్. మంచివాడే. కానీ విన్నది విన్నట్టు పెద్ద సాబుకు చెప్పేవాడు.

"ఏం లేదు. మలాం అయిపోయిందని చెప్పు."

జీపు పోయాక అజీజాబీ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "వేలికి ఏంది గది?"

"చిలుము."

"ఏ గిన్నెది?"

"గిన్నెది కాదు."

చెప్పాడు. ఆమె వింటూ వింటూ ముందు తిత్తి వైపు, తర్వాత వీధి వైపు, తర్వాత గడపలోని కూతురి వైపు చూసింది. పైట కొంగుతో అతని వేలును గట్టిగా తుడిచింది. పచ్చదనం పోయేదాకా తుడిచింది.

"చుప్. ఎవ్వలకు చెప్పొద్దు. నవసాగరం పోసి తీగ తినిపిచ్చిండంటరు. అన్నలు చెప్తే చేసిండంటరు. ఇక్బాల్ భాయ్ ఏం జేసిండు? ఎవడో అచ్చి అన్నల పచ్చ గుడ్డ ఇస్తే అంగీ కుట్టిండు. దర్జీ కుట్టక ఏం జేస్తడు? క్యాంపుల పదకొండు రోజులు ఉంచుకున్నరు. గిప్పుడు కత్తెర ఎడమ చేత్తోని పడుతుండు."

"రాజం ఉన్నడు ఆ బండిల."

"రాజం సాబ్ అచ్చినంక ఆయనకే చెప్పు. ఆయన సమజ్ చేస్కుంటడు. పదకొండింటికి అస్తడన్నడు కదా? రెండు గంటలు. రెండు గంటలల్ల ఏం మునుగుతది?"

రెండు గంటలు. రాజం వస్తాడు, ఎప్పటిలాగే టీ తాగుతాడు. తొడుగు విప్పి చూపిస్తే ముందు కళ్ళు పెద్దవి చేసి, తర్వాత నవ్వుతాడు. చెప్తే విన్నవా ఉస్తాద్ అంటాడు. ఇద్దరూ కలిసి సరిచేస్తారు. లోకంలో ఈ మాట చెప్పగలిగే పోలీసు ఒక్కడే ఉన్నాడు, వాడు పదకొండింటికి వస్తాడు. హైదర్ ఆ ఆలోచనను పట్టుకుని నిలబడ్డాడు. గుండిలోకి మాత్రం మళ్ళీ దిగలేకపోయాడు.

పదిన్నరకే అమీనాను బయల్దేరదీశాడు. డాక్టరు దగ్గరికి పోయే దారి రైసుమిల్లు ముందు నుంచే పోతుంది. గేటు దగ్గర ఇసుక బస్తాలు, వాటి మధ్య తుపాకీ గొట్టం, దాని వెనక మీసాలు కూడా సరిగా రాని సిపాయి. హైదర్ కాళ్ళు అక్కడ ఆగిపోయాయి.

"క్యా హై చచా?" అన్నాడు సిపాయి.

హైదర్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పసిది ఉలిక్కిపడి గుక్కపెట్టింది.

"కుచ్ నహీ సాబ్. బచ్చీకో బుఖార్ హై," అన్నాడు. పాపకు జ్వరమన్న ఆ మాటా నిజమే. నిజం కనుకనే దాని చాటున దాక్కోవడం అంత తేలికైంది.

డాక్టరు బల్లమీద పాపను పడుకోబెట్టి, చెవిలో లైటు వేసి చూశాడు. "చెవిల చీము పట్టింది తల్లీ. పాలు మింగినప్పుడల్ల నొస్తది, గందుకే తాగుతలేదు. చుక్కల మందు రాస్త, మూడు రోజులల్ల తగ్గుతది." అమీనా అంతసేపూ బిగబట్టుకున్న ఊపిరిని ఒక్కసారి వదిలి, అందరి ముందూ కళ్ళు తుడుచుకుంది. హైదర్ గోడ గడియారం చూస్తున్నాడు. పదకొండూ పది. పదకొండూ ఇరవై. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా గుమ్మం దాకా వచ్చి చూసి పోతున్నాడు. రెండు లారీలు, ఒక ట్రాక్టరు, పెళ్ళివాళ్ళ వ్యాను. డాక్టరు మందు ఎలా వేయాలో చెప్తే తల ఊపాడు గానీ ఒక్క మాటా లోపలికి పోలేదు.

బస్టాండు దగ్గరికి వచ్చేసరికి రుద్రంగి బస్సు వచ్చి ఆగింది. ఆగాక కూడా ఎవరూ గబగబా దిగలేదు. కండక్టరు విజిల్ నోట్లోనే ఉంది, ఊదడం లేదు. ఒక్కొక్కరే మెల్లగా, మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుంటూ దిగుతున్నారు. వాళ్ళలో మొగిలవ్వ కనిపించింది. హైదర్ ఇంటి వెనక వాడలో బీడీలు చేసే మనిషి, తల్లిగారింటికి పోయి వస్తోంది. చంకలో తునికాకు కట్ట. దారంతా ఆకులు రాలిపోతున్నా చూసుకోవడం లేదు.

"అక్కా, ఏమైంది?" అంది అమీనా.

"బిడ్డా, అమీనా బిడ్డా," అని మొగిలవ్వ అమీనా చేతిని పట్టుకుంది. "మా బస్సుకు ముందర... పది గూడ కాలే అప్పుడు. కల్వర్టు కాడ. నేల లేచింది బిడ్డా. నేలనే లేచింది. మన్ను మా అద్దం మీద పడ్డది. పొగ పోయినంక చూస్తె జీపు ముందర సగం లేదు. మిలిట్రీ జీపు. ఎన్క గా పొడుగు గడ ఉంటది సూడు, గదొక్కటి నిలవడి ఊగుతుంది. ఊగుతనే ఉన్నది. ఎవ్వలు లేరు, గాలి లేదు, గది ఊగుతుంది."

హైదర్ విన్నాడు. మొగిలవ్వ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. చుట్టూ మనుషులు పోగవుతున్నారు. అతనికి మాత్రం ఉదయం సెట్టులో విన్న గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. ఎల్లేశం పిలిచినప్పటికే అయిపోయిందా? లేక అప్పుడు రాజం బతికి ఉండి, మైకు పట్టుకుని, మీట నొక్కి, అరుస్తూ ఉన్నాడా?

ఇంటికి ఎలా వచ్చాడో తెలియదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అజీజాబీ నీళ్ళు తెస్తే గ్లాసు పట్టుకున్నాడు, తాగలేదు. పసిదానికి మందు చుక్కలు పడ్డాక ఏడుపు సన్నబడి, సాయంత్రానికి అది మొదటిసారి పాలు తాగింది. "అబ్బా, తాగుతుంది!" అని అమీనా లోపలి నుంచి అరిచింది. అతను "అచ్చా" అన్నాడు. ఏమన్నాడో తనకే తెలియదు.

నాలుగున్నరకు ఎల్లేశం వచ్చాడు. ఉదయం మనిషి కాడు. చొక్కా నిండా ఎర్రమన్ను, దాని మీద నల్లటి మరకలు.

"భాయ్, జర రావాలె. బండిని లారీకి గట్టి తోలుకచ్చినం. సెట్టు, గడ ఇప్పాలంట. ఎవ్వలకు అస్తలేదు, నట్టు బిర్రుగున్నయ్. ఉస్తాద్‌ను తీసుకరా అన్నడు సాబ్."

"రాజం సాబ్?"

ఎల్లేశం తల అడ్డంగా ఊపాడు. "ఒక్క మాట రాలే భాయ్ సెట్ల. మా ఆపరేటరు పిలిచి పిలిచి గొంతు పోయింది. ఒక్క కూతన్న పెట్టలే ఆయన."

అజీజాబీ గడపకు అడ్డంగా నిలబడింది. హైదర్ ఆమె ముఖంలోకి చూడకుండానే పక్కనుంచి దాటాడు. పానాలు, కత్తి, గుడ్డపీలిక తీసుకున్నాడు. దారిలో జీపు కుదుపులకు పానాలు ఒళ్ళో గలగలమన్నాయి. ఇవాళ చెప్తాను, అనుకున్నాడు. తొడుగు విప్పి, లోపలి చిలుము చూపించి, నేనే అని చెప్తాను. ఇక్బాల్ చేతులు గుర్తుకొచ్చాయి. ఉదయం కలిగిన భయం కోసం లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. దాని చోట ఏమీ లేదు.

రైసుమిల్లు కళ్ళంలో, ఎండబెట్టిన వడ్లు పోసే గచ్చు మీద జీపును దించారు. ముందు భాగం నలిపిన రేకు డబ్బాలా ఉంది. వెనక భాగం మాత్రం ఉదయం కడిగి పంపినట్టే ఉంది. సీటు కింద ఎవరిదో చెప్పు. గడ వంగింది, విరగలేదు. పెద్ద సాబు కుర్చీలో కూర్చుని కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. సిపాయిలు దూరంగా నిలబడ్డారు.

హైదర్ టైరు మీదికి ఎక్కాడు. నట్లు వదులు చేశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. దిమ్మను చేతిలోకి తీసుకుని, తొడుగు చివర కత్తి పెట్టి, కళ్ళు మూసుకుని చీరాడు. రబ్బరు విడిపోయింది.

కళ్ళు తెరిచాడు.

పచ్చదనం లేదు.

దిమ్మను వెలుగుకు తిప్పాడు. మైనం తనది కాదు. కొవ్వొత్తి కరిగించి పోసినట్టుంది, పొరలు పొరలుగా, గజిబిజిగా. దాన్ని గోటితో తీశాడు. లోపల ఉన్నది తన టంకం కాదు. తనదైతే సన్నగా, అంచు తెలియకుండా ఇత్తడిలో కలిసిపోయి ఉండేది. ఇది ముద్దలు ముద్దలుగా ఉంది. చుట్టూ తేనె రంగు మరక. వేడి చాలక రెండుసార్లు, మూడుసార్లు కడ్డీ ఆనించిన గుర్తులు. కేబుల్‌ను వెనక్కి కోసిన చోట కత్తి వంకరగా పోయింది. పని రాని చేతి పని. పని రాకున్నా పట్టుబట్టి, ఎవరూ లేని వేళ ఒక్కడే కూర్చుని చేసిన పని.

రాజం చేతిది.

నెల కింద, మలాం అయిపోయిందా అని అడిగిన రోజుల్లోదే అయ్యుంటుంది. తొడుగు విప్పి పచ్చదనం చూసి ఉంటాడు. ఎవరి వల్ల వచ్చిందో తెలుసుకుని ఉంటాడు. క్యాంపులో ఒక్క మాట అని ఉంటే ఆ సాయంత్రమే హైదర్‌ను జీపులో ఎక్కించుకుపోయేవారు. అనలేదు. హైదర్‌తో కూడా అనలేదు. తనకు చేతనైనట్టు కోసి, రుద్ది, అతికి, మూసేశాడు. రెండో బండి సిరిసిల్ల నుంచి వస్తే దానికీ అలాగే చేద్దామనుకున్నాడు.

టంకాన్ని పట్టుకుని లాగి చూశాడు హైదర్. కదల్లేదు. బాగానే ఉంది. మీట నొక్కి ఉంటే మాట పోయేదే. నొక్కే తీరికే ఆయనకు దొరకలేదు.

"క్యా హువా ఉస్తాద్? సబ్ ఠీక్ హై క్యా?" పెద్ద సాబు కాగితం మీద నుంచి తలెత్తకుండా అడిగాడు.

దారంతా కూడబెట్టుకున్న మాటలు హైదర్ గొంతులోనే ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తెలియలేదు.

దిమ్మ రెండు చేతుల మధ్య బరువుగా ఉంది. దాని మీద, జొన్నగింజంత చాలే చోట రేగుపండంత టంకం, ఒక పక్కకు కారి, గడ్డకట్టి, మధ్యలో ఎక్కడో కాలిన వేలు తగిలి పడిన చిన్న గుంటతో, తెల్లగా.